భిక్షపతి పూడ్చిన బోరు

మా ఎల్బీనగర్‌లో బోరుబండి మేస్త్రీలకు కొదవ లేదు గానీ, భిక్షపతి అంత మొండిఘటం ఇంకొకడు లేడు. నల్గొండ పల్లె నుంచి వచ్చినవాడు. కొబ్బరికాయ కొట్టనిదే బండి స్టార్టు చేయడు. నీళ్లు పడ్డ బోరును పూడిస్తే గంగమ్మ ఉసురు తగులుతుందని గట్టి నమ్మకం. ఆ నమ్మకమే మొన్న జనవరిలో అతని ప్రాణం తోడేసింది.

అల్మాస్‌గూడలో రాఘవేంద్ర అనే ఇంజనీరు కొత్తగా ఇల్లు కట్టాడు. అతని తల్లి హనుమాయమ్మకు చలికాలం వస్తే కీళ్లు బిగుసుకుపోతాయి. ఆమె కోసం నేలలోని వేడితో ఇల్లు వెచ్చబెట్టే ఏర్పాటు చేయించాడు. పైన ఎంత చలి ఉన్నా లోతున మన్ను వెచ్చగానే ఉంటుంది. బోరులోకి గొట్టం దింపి నీళ్లు తిప్పితే, అవి ఆ వేడిని పట్టుకొని పైకి వస్తాయి. పంపు గదిలోని యంత్రం దాన్ని ఇంకాస్త పెంచి గదులకు పంపుతుంది. గొట్టం దిగాక, మన్నులోని వేడి దానికి అందేలా చుట్టూ సందు లేకుండా బంకమట్టి నింపాలి.

రెండు బోర్లు పొడిగానే దిగాయి. వాటిని పూడ్చారు, యంత్రం నడిచింది. మూడోదాంట్లో నీళ్లు ఉబికాయి. భిక్షపతి చేతులెత్తేశాడు.

"సారూ, గంగమ్మ పడ్డది. పూడ్సుడు నాతోని కాదు."

సరే, రేపు చూద్దామన్నాడు రాఘవేంద్ర. భిక్షపతి ఎప్పటిలాగే బోరు మూతి మీద గోనెసంచి కప్పి, రెండు ఇటుకలు పెట్టి ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చేసరికి హనుమాయమ్మ వాకిట్లో వణికిపోతోంది. నాలుగేళ్ల మనవరాలు సింధు కనపడటం లేదట. రాఘవేంద్ర వీధుల్లో వెతుకుతున్నాడట. భిక్షపతి చూపు బోరు మీద పడింది. ఇటుకలు పక్కకు దొర్లి ఉన్నాయి. సంచి లేదు.

బోర్లా పడుకొని లోపలికి పిలిచాడు. తన గొంతే తిరిగి వినపడింది. బైకు అద్దం పీకి, ఎండను లోపలికి మళ్లించి చూశాడు. నీళ్లు మెరిశాయి తప్ప ఇంకేమీ కనపడలేదు. కనపడనంత మాత్రాన లేదని ఎలా అనుకోవడం? చిన్నపిల్ల ఒళ్లు పట్టే మూతి అది.

"అమ్మా, నేనే సంపిన బిడ్డను," అన్నాడు.

హనుమాయమ్మ అక్కడే కూలబడింది. భిక్షపతి తాడు కోసం పంపు గదికి పరుగెత్తి తలుపు తోశాడు. వేడినీళ్ల ట్యాంకుకు ఆనుకొని సింధు హాయిగా నిద్రపోతోంది. ఒంటి కింద గోనెసంచి.

లేపితే, కింద పరుచుకుందామని తానే తెచ్చుకున్నానని చెప్పింది. హనుమాయమ్మ ఏడుస్తూనే నవ్వింది. భిక్షపతి మాత్రం వెనక్కి తిరిగి బోరు మూతి కేసి చూశాడు. అంటే ఈ పిల్ల ఆ మూతి అంచున నిలబడే సంచి లాగిందన్నమాట.

రాఘవేంద్ర వచ్చేదాకా కూడా ఆగలేదు. గొట్టం దింపి, మట్టి కలిపి పోయడం మొదలుపెట్టాడు. నీళ్లు పొంగి అతని పాదాల మీదుగా పారాయి.

"మాఫ్ జెయ్యి తల్లీ," అన్నాడు గానీ చెయ్యి ఆపలేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోలేదు. పోయినేడు నాదర్‌గుల్‌లో నీళ్లు పడ్డా మోటారు దించకుండా, సంచి కప్పి వదిలేసిన బోరు గుర్తొచ్చింది. ట్రాలీ నిండా మట్టి వేసుకొని అటు బయలుదేరాడు.