వీరభద్రయ్య పొట్టి తీగ

మార్కాపురంలో పలకల పని తగ్గాక వీరభద్రయ్య గాజులా కనపడే యాక్రిలిక్ ప్లాస్టిక్ షీట్ల పనిలోకి దిగాడు. ముప్పై ఏళ్లు రాతిని కోసిన చేతికి షీటు కోయడం పెద్ద పనిగా తోచలేదు. వంచడమే తెలియదు. రాయిని ఎవరూ వంచరు కదా.

జిల్లాలు విడదీసిన మరుసటి ఏడు, పక్కగదిలో మిఠాయి దుకాణం పెట్టబోతున్న కామేశ్వరి తన కౌంటరుకు మూత అడిగింది. ముందుభాగం, పైభాగం ఒకే షీటులో వంగి రావాలి, అతుకు కనపడకూడదు.

"శుక్రవారం పొద్దున్నే తెరుస్తానన్నా. మొదటిరోజే ఈగలు వాలినాయంటే మళ్లీ ఎవరన్నా మెట్టెక్కుతారా?"

"బుధవారానికే ఇస్తాలేమ్మా" అన్నాడు, ఎట్లా ఇస్తాడో తనకే తెలియకుండా.

షీటు వేడికి మెత్తబడి వంగుతుందని విని, కరెంటు పొయ్యిలో వాడే కాయిల్ ఒకటి కొన్నాడు. పలకరాతిలో రెండడుగుల గాడి తీసి, కాయిలంతా అందులో కుక్కి, ప్లగ్గు పెట్టాడు. అది నిప్పులా ఎర్రబడింది. పైన పెట్టిన షీటు వంగడానికి బదులు అప్పడంలా బుడగలు లేచి పాడైంది. ఇక మిగిలింది ఒక్కటే షీటు. ఇంకొకటి ఒంగోలు నుంచి రావాలంటే శనివారం అవుతుంది.

వేడి తగ్గించాలి. వీరభద్రయ్య పలకల లెక్క వేశాడు. పలకను సగానికి కోస్తే బరువు సగమవుతుంది, కాబట్టి కాయిల్ తీగను తగ్గిస్తే వేడి తగ్గుతుంది. రెండడుగులకు సరిపడా తీగ కత్తిరించి, సాగదీసి, గాడిలో పరిచి స్విచ్చి వేశాడు. టప్పుమంది. ఫ్యాను ఆగింది. రెండు గదులకూ ఒకటే ఫ్యూజు కావడంతో పక్కన కామేశ్వరి ఫ్రిజ్జు కూడా ఆగింది.

ఫ్యూజు తీగ మార్చి, వేడి ఇంకా ఎక్కువగానే ఉందేమోనని తీగను జానెడు తగ్గించి చూశాడు. మళ్లీ టప్పు. ఇంకో జానెడు తగ్గించాడు. ఈసారి ఇంకా తొందరగా పోయింది.

"ఏందన్నా ఈ కరెంటు, పాలన్నీ విరిగిపోతాండాయి" అని కామేశ్వరి వచ్చింది.

"కరెంటాఫీసు వాళ్లకు జీతాలు దండగమ్మా. అడిగేవాడు లేక ఇట్ల తయారైనారు" అన్నాడు వీరభద్రయ్య, చేతిలో తీగముక్కను వెనక్కి దాచుకుంటూ.

గురువారం ఆమె ఎలక్ట్రీషియన్ శాంతయ్యను పిలిపించింది. అతను ఫ్యూజు చూసి, వైరు వెంట నడుచుకుంటూ వచ్చి పలకరాయి దగ్గర ఆగాడు.

"మామా, ఉత్త తీగను నేరుగా ప్లగ్గులో పెట్టినావా? నువ్వు మాట్లాడతాండావంటే అదే గొప్ప."

"పొట్టిగానే పెట్టినా గదరా."

"పొట్టిగా పెడితేనే మామా ఎక్కువ లాగేది. పొడుగైతే అడ్డం ఎక్కువ, కరెంటు తక్కువ పోతాది."

"పొడుగుది తక్కువ తింటాదా? యాడన్నా ఉందా ఇది?"

కామేశ్వరి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే అన్నా, రెండు దినాల నుంచి నువ్వు తిట్టింది నిన్నేనా?"

వీరభద్రయ్య ఫ్యాను వైపు చూశాడు. అది కూడా ఆగే ఉంది.

శాంతయ్య తన కొట్టు నుంచి, ఇంటి కరెంటును పన్నెండు ఓల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మరు తెచ్చి, ఫ్యూజు మార్చి, కొత్తగా రెండడుగుల తీగ పరిచి కలిపాడు. ఫ్యూజు పోలేదు. తీగ ఎర్రబడనూ లేదు.

"ఇది పనిచెయ్యట్లేదురా" అని వీరభద్రయ్య వేలు పెట్టి చూసి, వెంటనే ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు.

కాసేపటికి, తీగ పైన పెట్టిన ఆ ఒక్క షీటూ గీత వెంబడి మెత్తబడింది. బల్ల అంచుకు ఆనించి, పైన పలక అదిమిపెట్టి, అది చల్లారేదాకా కదలకుండా నిలబడ్డాడు. పలక తీస్తే బుడగ లేదు, అతుకు లేదు.

శుక్రవారం కామేశ్వరి కొట్టు తెరిచింది. మూతకింద మైసూరుపాకులు, బయట ఈగలు. ఆమె సంబరపడి ఒక లడ్డు చేతిలో పెట్టింది.

"అన్నా, కారప్పూసకు ఇంకోటి కావాల. దీంట్లో సగముంటే చాలు."

సగం అనగానే లడ్డు వీరభద్రయ్య నోటిదాకా వచ్చి ఆగింది. తీగ తగ్గించాలా, పెంచాలా? తగ్గిస్తే ట్రాన్స్‌ఫార్మరు మిగులుతుందా?

"చిన్నదెందుకులేమ్మా" అన్నాడు చివరికి. "దీనంతదే చేసిస్తా. కారప్పూస కూడా ఎక్కువ పడతాది."