గుట్ట మీద ఎర్రగుడ్డ

మా ఊరికీ దేవరకొండకూ నడుమ, గుట్టల మధ్య ఒక చిన్న మిలిటరీ క్యాంపు ఉండేది. తుపాకీ కాల్చడం నేర్పే చోటు. కాల్పులున్న రోజు అక్కడ ఎర్రజెండా ఎగురుతుంది, లేని రోజు దించేస్తారు. జెండా లేదంటే చుట్టుపక్కల కాపరులు గొర్రెలను లోపలికి తోలుకోవచ్చు. ఏ కాగితం మీదా లేని ఈ ఒప్పందం మా తాత కాలం నుంచీ నడుస్తోంది. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ బాపు వెంట ఆ గడ్డికి పోయేదాన్ని. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసి మందను మలపడం అక్కడే నేర్చుకున్నాను. ఒక పొడుగు ఈలకు కుడికి, రెండు పొట్టి ఈలలకు ఎడమకు, "హో" అని సాగదీస్తే ఆగాలి. "ఆడివిల్ల ఈలేస్తే ఇంటికి అరిష్టమే" అని అవ్వ మొత్తుకునేది. నేను ఇంకొక ఈల వేసి ఉరికేదాన్ని.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, డిప్లొమా ముగించి, నల్లగొండలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే చిన్న దుకాణంలో పనికి కుదిరాను. ఒకరోజు మా సేటు, "క్యాంపుల వైఫై పెట్టాలె. మీ ఊరి దిక్కే గద, నువ్వే పో" అన్నాడు. చేతిలో కట్టె లేకుండా, ముందు గొర్రెలు లేకుండా ఆ జాగాలో అడుగుపెట్టడం నాకు అదే మొదటిసారి.

క్యాంపు గిన్నె అడుగులాంటి పల్లంలో ఉంటుంది. ఫోన్ సిగ్నల్ అక్కడికి దిగదు. క్యాంటీన్ హాల్లో అందరూ వాడుకునేలా వైఫై కావాలి, కానీ హాలు గోడ దాటి ఒక్క అడుగు కూడా పోకూడదు అని అక్కడి అధికారి గట్టిగా చెప్పాడు. మా వెనక అర్రకు అందడం లేదని, మేడ మీదికి రావడం లేదని జనంతో తిట్లు తిన్నదాన్ని నేను. సిగ్నల్ పోవద్దని అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆ ఒక్క మాటకే ఆయన మీద నాకు గౌరవం పుట్టింది.

ఊళ్లోని మా టవర్ నుంచి గుట్ట మీద ఒక కంబానికి, ఆ కంబం నుంచి క్యాంటీన్ కప్పు మీదికి సిగ్నల్ దింపాలి. కంబం మీది డిష్, కప్పు మీది డిష్ ఒకదాని మొహం ఒకటి సూటిగా చూసుకోవాలి. బెత్తెడు పక్కకు తిరిగాయా, పని అయిపోయినట్టే.

నేను సామాను దించుతుంటేనే క్యాంటీన్ వంటాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. శ్రీకాకుళం మనిషి.

"ఏటమ్మా, శుక్రవారం నాటికి అయిపోద్దా?"

"ఎందుకన్నా గంత తొందర?"

చెప్పాడు. ఇంటిదగ్గర ఆడపిల్ల పుట్టింది. శుక్రవారం ఇరవై ఒకటో రోజు, బారసాల. సెలవు దొరకలేదు. పిల్ల చెవిలో పేరు మూడుసార్లు చెప్పాల్సింది తండ్రి. "నాను లేకపోతే మా బావమరిది సెప్పేస్తాడంట. ఆడికి నోరు తిరగదమ్మా. నా కూతురికి మొదట్లోనే తప్పుడు పేరు పడిపోద్ది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, చేతిలోని గరిటెను తిప్పుతూనే ఉన్నాడు. శుక్రవారం కల్లా అయి తీరుతుందని మాటిచ్చేశాను. నాకు నోటి తొందర ఎక్కువ.

సోమవారం ఇంట్లోంచి బయల్దేరుతుంటే అవ్వ ఆపింది. "కొత్త కంబం నిలవెడ్తున్నవ్. ఎర్రగుడ్డ కట్టకుంటే దిష్టి తగుల్తది బిడ్డా" అని మూరెడు గుడ్డ చేతిలో పెట్టింది. ఇద్దరు జవాన్లు కంబం మోసుకొచ్చారు, నిలబెట్టాం, నేను గుడ్డ కట్టాను. కింద నుంచి డిష్ గురి చూడడానికి కూడా అది బాగా పనికొచ్చింది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలని మురిసిపోయాను.

మిగతా రోజులు హాలు చుట్టూ ఫోన్ పట్టుకుని తిరగడంతోనే సరిపోయాయి. సిగ్నల్ ఎక్కడ లేదో చూసి సంతోషించే పని. గురువారం సాయంత్రానికి లైను కలిసింది. రేపు పొద్దున పదింటికి మొదలుపెట్టమన్నాడు అధికారి. పేరు పెట్టే ముహూర్తం పదిన్నర. వంటాయన నాకు రెండు గ్లాసుల చాయ్ పోశాడు.

వంటాయన కూతురి సంగతి ఇంట్లో ముందే చెప్పి ఉన్నాను. ఆ సాయంత్రం ఇంటికి పోతే బాపు మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"మూడు దినాలాయె, జెండా దించుతలేరు. కాల్చిన సప్పుడు లేదు, గుండు లేదు. గొర్లు గడ్డి లేక అరుస్తున్నయ్. అందరి మందలు హద్దు కాడనే ఆగినయ్."

"ఏ జెండా బాపూ?"

"గదే, గుట్ట మీద కొత్తగ కట్టింరు గద."

నా నోట్లో ముద్ద నోట్లోనే ఆగింది. ఎర్రజెండా చూసుకుంటూ పెరిగినదాన్ని, గుడ్డ కట్టేటప్పుడు నాకే తట్టలేదు! తమ జెండా ఏదో జవాన్లకు తెలుసు కాబట్టి వాళ్లూ పట్టించుకోలేదు. సంగతి చెప్పేసరికి అవ్వ నా మీదికే లేచింది. "కంబానికి కట్టమన్న గని, మిలిటరోళ్ల గుట్ట మీద కట్టమన్ననా?" బాపు మాత్రం కడుపుబ్బ నవ్వాడు. "ఫికర్ జెయ్యకు. పొద్దుగాల మంద తోలుకపోతప్పుడు నేనే ఇప్పేస్త" అన్నాడు.

శుక్రవారం పదింటికి హాలు నిండింది. వంటాయన కొత్త చొక్కా వేసుకుని ముందు కూర్చున్నాడు. పదింపావుకు వీడియో కలిసింది. అవతల ఏదో పసుపు చీర కనిపించింది, "ఏవండీ" అని వినిపించింది, అంతలో తెర ఆగిపోయింది. లైను లేదు.

నేను నిచ్చెనెక్కి కప్పు మీదికి పోయి చూశాను. గుట్ట మీద బాపు ఉన్నాడు, చుట్టూ గొర్రెలు. ఎర్రగుడ్డ కంబం మీద లేదు, ఆయన తలకు ఉంది. నా ముడి విప్పలేక గుంజినట్టున్నాడు, డిష్ మొహం తూర్పుకు తిరిగిపోయింది. గుట్ట ఎక్కాలంటే అరగంట. ముహూర్తానికి పావుగంట కూడా లేదు. బాపు దగ్గర ఫోన్ ఉన్నా, పల్లంలోని నా ఫోన్ నుంచి ఏం లాభం? కింద వంటాయన హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మెడ ఎత్తి నన్నే చూస్తున్నాడు. ఆ చూపు తట్టుకోలేకపోయాను.

రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాను.

బాపు తిరిగి చూశాడు. నేను చేతులతో డిష్ చూపించి, మళ్లీ ఒక పొడుగు ఈల వేశాను. ఆయనకు అర్థమైంది. డిష్‌ను కుడికి మలిపాడు, ఎక్కువైంది. రెండు పొట్టి ఈలలు. గొర్రెలు కూడా ఎడమకు తిరిగాయి. కింద జవాన్లు పడి పడి నవ్వుతున్నారు. నేను లాప్‌టాప్ చూస్తూ ఇంకొక పొట్టి జత వేశాను. అంకెలు లేచాయి. "హో..." అని గొంతు చించుకున్నాను. మందా ఆగింది, బాపూ ఆగాడు.

నేను దిగి హాల్లోకి వచ్చేసరికి తెర కదులుతోంది. ఎర్రటి ముద్దలాంటి మొహం ఒకటి ఆవులించింది. వంటాయన ఫోన్‌కు నోరు ఆనించి, పిల్ల పేరు మూడుసార్లు, ఒక్కొక్క అక్షరం ఒత్తి ఒత్తి చెప్పాడు. హాలంతా చప్పట్లు. నా పని ఎప్పుడైనా ఎవరికైనా పనికొచ్చిందంటే అది ఆ రోజే.

స్వీట్లు పంచారు. ఒకటి బాపుకు దాచి, బోల్టు బిగించే పానా తీసుకుని గుట్ట ఎక్కాను. గొర్రెలు అటూ ఇటూ చెదిరిపోయి ఉన్నాయి. బాపు మాత్రం ఎండలో అక్కడే, రెండు చేతులతో డిష్‌ను పట్టుకుని, కాలు కూడా కదపకుండా నిలబడి ఉన్నాడు. నేను "హో" అన్నాను, ఆయన ఆగాడు. ఇక వదలమని మళ్లీ ఈల వేయడం నేనే మరిచిపోయాను.

"పిల్ల మొకం చూసిండా?" అన్నాడు.

"చూసిండు బాపూ. పేరు గుడ చెప్పిండు."

"గట్లయితే ఇడువనా?"