చీమలు పట్టని పండు

మా అత్త పోయి నిన్నటికి నెల. ఆ రోజు ఉదయం ఎప్పటిలాగే అల్లం దంచి టీ పెట్టి, గ్లాసు పట్టుకెళ్లి పిలిచాను. పలకలేదు. చెవి కాస్త మందం కదా అని భుజం తట్టాను. నిద్రలోనే వెళ్లిపోయింది. మోకాళ్ల నొప్పికి కింద పెట్టుకునే దిండు అలాగే ఉంది. మా ఆయన పోర్ట్ క్లాంగ్ రేవులో గోడౌన్ పని చేస్తాడు, శనివారాలే ఇంటికి వస్తాడు. అతనికి, చుట్టాలందరికీ ఫోను చేసి చెప్పింది నేనే. పరాయివాళ్లతో మాట్లాడాలంటే నాలుక మడత పడే మనిషిని నేను. ఆ రోజు ఒక్కసారి కూడా తడబడలేదు. అది ఆవిడ నేర్పిన ధైర్యమే. ఎలా నేర్పిందో చెప్పాలనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నేను ఆరో తరగతి వరకే చదివాను, తప్పులుంటే సర్దుకోండి.

తెలుక్ ఇంటాన్ దగ్గర పామాయిల్ ఎస్టేటులో ఆవిడ పెళ్లయిన ఏడు నుంచి మోకాళ్లు మొరాయించేదాకా పని చేసింది. రాలిన పళ్లు ఏరే పని. మగవాళ్లు గడకి కొడవలి కట్టి గెలలు కోస్తారు. గెల పండితే ముందుగా కొన్ని పళ్లు వదులై నేల మీద రాలతాయి. వాటిని ముళ్ల మట్టల మధ్య నుంచి ఒక్కొక్కటీ ఏరి గోనెలో వేయాలి. "కోసేవోళ్లు పైకి సూస్తారు, మేం కిందకి సూస్తాం. పండినాదో నేదో పైన గెల సెప్పదమ్మీ, నేల సెప్తాది," అనేది. ఆ అలవాటు చివరిదాకా పోలేదు. బజారులో కూడా తల వంచుకునే నడిచేది. ఎవరిదో గుండీ, చెవిపోగు మర, జడపిన్ను ఏదో ఒకటి రోజూ దొరికేది. కిటికీలో ఒక డబ్బాలో వేసి ఉంచేది, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని.

నేను కోడలిగా వచ్చినప్పుడు ఇంటికి ఎవరైనా వస్తే వంటింటి తలుపు వెనక్కి వెళ్లిపోయేదాన్ని. మంచినీళ్లు కావాలా అని అడగడానికి కూడా గొంతు వచ్చేది కాదు. "మా ఇంట్లో పిల్లికి నీకన్నా గొంతున్నాది లా," అని, మాట చివర మలయ్ వాళ్ల 'లా' తగిలించి నవ్వేది. నవ్వేదే గాని ఎవరి ముందూ నన్ను తక్కువ చేయలేదు.

వాన పడినప్పుడల్లా ఆవిడ ఒక కథ చెప్పేది. వయసులో ఉన్నప్పుడు ఎస్టేటు వాళ్లందరినీ బస్సులో ఒక జంతువుల పార్కుకి తీసుకెళ్లారట. అక్కడ బోనులో ఒక ఒరాంగుటాన్, అంటే మనిషంత ఉండే ఎర్ర జుట్టు కోతి, ఉందట. ఇంతలో వాన వస్తే అది మూలనున్న గోనె సంచి తీసి నెత్తిన కప్పుకుందట.

"తోటలో ఆన వస్తే మేం కూడా గోనే కప్పుకుంటాం గదా. అది నన్ను సూసినాది, నాను దాన్ని సూసినాను. నాకు సిగ్గేసినాది. పిలవకుండా ఎల్లి, జైల్లో ఉన్నోలని సూసొచ్చినట్టున్నాది. ఎప్పటికైనా దాని ఇంట్లో దాన్ని సూడాల."

ఆవిడ అడిగిన కోరిక అదొక్కటే. చీర అడగలేదు, నగ అడగలేదు. చూపు కూడా మందగిస్తోందని నిరుడు మా ఆయన సెలవు పెట్టాడు. ముగ్గురం విమానం ఎక్కి, ఒరాంగుటాన్లు అడవిలో తిరిగే సబాకి వెళ్లాం. సండకాన్ దగ్గర దిగబోతుంటే కిటికీలోంచి కిందకి చూసి ఆవిడ గట్టిగా, "ఓలమ్మో! ఇక్కడా మన తోటే! ఇన్ని పళ్లు ఎవలేరతారు?" అంది. వెనక సీటు తమిళాయన కూడా నవ్వేశాడు.

అక్కడ వేళకి పళ్లు పెడితే ఒరాంగుటాన్లు వచ్చి తినే చోటు ఒకటుంది. మా ఆయన ముందు అక్కడికి వెళ్దామన్నాడు.

"పళ్లెంలో పెడితే తినేదాన్ని సూడ్డానికి ఇంత దూరం రావాలేటి? నాను రాను," అంది అత్త.

అందుకని నేరుగా కినబతాంగన్ నది ఒడ్డుకి వెళ్లాం. చెక్క ఇళ్లలో బస. సాయంత్రం పడవలో తిప్పుతారు, మర్నాడు పొద్దున్న అడవిలో నడిపిస్తారు, అక్కడి నుంచి నేరుగా తిరుగు ప్రయాణం. మా గైడు ఆ నది పక్క పుట్టినవాడే. మలయ్‌లో నెమ్మదిగా మాట్లాడతాడు. అత్తని 'మక్చిక్' అని, అంటే పిన్నీ అన్నట్టు పిలిచాడు.

"ఇది జూ కాదు మక్చిక్. వాటికి ఇష్టమైతే కనిపిస్తాయి. నేను మాట ఇవ్వలేను," అన్నాడు.

అత్త నా వైపు తిరిగి, "నిజం సెప్పినాడు. ఈడితో ఎల్లొచ్చు," అంది.

ఆ సాయంత్రం పడవలో కౌలాలంపూర్ నుంచి వచ్చిన జంట, ఇద్దరు తెల్ల ముసలివాళ్లు, మేము ముగ్గురం. నేను అందరికన్నా వెనక బల్ల మీద కూర్చున్నాను. పెద్ద పెద్ద ముక్కులు వేలాడే కోతులు కనబడ్డాయి. అత్త మా ఆయనతో, "మీ పెదనాన్న ముక్కేరా! ఆయన ఇక్కడికెప్పుడొచ్చినాడు?" అంటే మా ఆయన పడవ ఊగిపోయేలా నవ్వాడు.

అప్పుడే నాకు కనబడింది. ఒడ్డున చెట్టు మీద ఎండిన మట్టలాంటి ఎర్రటి ముద్ద. ఎండిన మట్టే అనుకున్నాను. దానికి ఒక చెయ్యి లేచింది. పొడవాటి చెయ్యి నిదానంగా లేచి పై కొమ్మని పట్టుకుంది.

నోరు తెరిచాను. మాట రాలేదు. తీరా మట్టే అయితే? అందరూ వెనక్కి తిరిగి నన్నే చూస్తారు కదా? ఇలా ఆలోచిస్తూనే ఉన్నాను, పడవ సాగిపోతూనే ఉంది. చివరికి మా ఆయన చొక్కా లాగి చెవిలో చెప్పేసరికి మలుపు తిరిగిపోయింది. అతను గైడుకి చెప్పాడు. పడవ వెనక్కి తిప్పారు. కొమ్మ ఒకటి ఇంకా ఊగుతోంది, అంతే. అత్త మెడ చాచి, కళ్లు చికిలించి, ఆ ఊగే కొమ్మనే చూస్తూ కూర్చుంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును అనిపించింది.

భోజనానికి ముందు చేతులు కడుక్కునే చోట అత్త నన్ను ఆపింది.

"నిజంగా సూసినావేటమ్మీ?"

"చూశాను అత్తా."

"ఎలగున్నాది? సెయ్యి ఎంత పొడుగున్నాది?"

అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చేసింది.

"నీ కళ్లు మంచియ్యే. నోటికే సెలవిచ్చినావు," అని నవ్వి, కొంగుతో నా మొహం తుడిచింది. తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "నాను కొత్త కోడల్నప్పుడు, తోటలో ఒక గెల వదులై ఊగతన్నాది. కింద నాతోటిది వంగి పళ్లేరతన్నాది. నాను సూసినాను. సుట్టూ మగోలున్నారు, మా మావ ఉన్నాడు. ఎలా అరిసేదని ఊరుకున్నాను. గెల పడ్డాది, దాని భుజం మీద. బతికినాది గాని ఆ సెయ్యి మరి పైకి లేవనేదు. ఆ దినం తెరిసిన నోరమ్మీ ఇది, మళ్లీ మూయనేదు."

ఆ మాట అంతవరకు ఎవరికీ చెప్పలేదట, మా ఆయనకి కూడా.

మర్నాడు పొద్దున్న అడవిలోకి నడిచాం. రాత్రి వాన పడింది. రబ్బరు బూట్లు బురదలో కూరుకుపోతున్నాయి, ఆకుల మీద జలగలు తలలెత్తి ఊగుతున్నాయి. గైడు ముందు రెండు మాటలు చెప్పాడు. దారి వదిలి ఎవరూ పక్కకి వెళ్లకూడదు. కేకలు పెట్టకూడదు, ఏదైనా కనబడితే తన దగ్గరికి వచ్చి చెప్పాలి. అతని వెనక మా ఆయన, ఆ వెనక మిగతావాళ్లు, అత్త మోకాళ్ల వల్ల మేమిద్దరం చివర. అందరూ తలలెత్తి చెట్లు చూస్తూ నడుస్తున్నారు. అత్త తల దించుకుని నడుస్తోంది.

ఒక పెద్ద అడవి మేడి చెట్టు దగ్గర ఆవిడ ఆగిపోయింది. నేల మీద కొరికి పారేసిన పళ్లు చెల్లాచెదురుగా ఉన్నాయి. మూలుగుతూ వంగి ఒకటి తీసింది. దాన్నిండా చీమలు. "ఇది నిన్నటిది," అని పారేసింది. ఇంకొకటి తీసింది. కొరికిన చోట ఇంకా తడి, చీమ ఒక్కటీ లేదు. దాన్ని నా అరచేతిలో పెట్టింది.

"ఇది ఇప్పటిది. పైనున్నాది."

తలెత్తి చూశాను. ఆకులు తప్ప ఏమీ లేవు. ఇంతలో టక్‌మని ఒక తొక్క నా బూటు పక్కన పడింది.

"అత్తా, వాళ్లు వెళ్లిపోతున్నారు, చెప్పు!"

"నాను సెప్పను."

"అయ్యో, అదేంటత్తా?"

"నువ్వెల్లి సెప్పు. నువ్వు సెప్పకపోతే నాను సూడను. అంతే లా."

నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. పైకి చూస్తే ఆవిడకి అంతా ఒకటే పచ్చ. గైడు వచ్చి చోటు చూపించి, దుర్బిణి ఇస్తే తప్ప కనబడదు. ఇంకో గంటలో మేము బయల్దేరిపోవాలి. ఇన్నేళ్ల కోరికని తీసుకొచ్చి నా నోటి మీద పెట్టేసింది.

పండు పట్టుకుని గబగబా నడిచాను. తెల్లవాళ్లని దాటాను, ఆ జంటని దాటాను. మా ఆయన దగ్గర ఆగితే పని అయిపోయేది, అతనే చెప్పేవాడు. ఆగలేదు. గైడు వెనక నిలబడ్డాను.

"అబాంగ్!" అన్నాను. అన్నా అని. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. అందరూ తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. "పైన ఉంది. ఆ చెట్టు మీద."

"చూశావా?"

"లేదు. మా అత్త కింద చూసింది."

అతనికి ఏమీ అర్థం కాలేదు. పండు అతని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్లు పెద్దవయ్యాయి. వేలు పెదవుల మీద పెట్టుకుని అందరినీ వెనక్కి తీసుకొచ్చాడు. చెట్టుకి ఆ పక్కకి మమ్మల్ని నడిపించి, అత్త భుజాలు పట్టుకుని ఒక చోట నిలబెట్టి, దుర్బిణి కళ్లకి పెట్టాడు.

తల్లీ పిల్లా. తల్లి కొమ్మ మీద జారగిలి కూర్చుని పళ్లు తింటోంది. పిల్ల దాని రొమ్మున కరుచుకుని, తల్లి నోట్లోంచే పండు ముక్క లాక్కుంటోంది. ఎండ తగిలి ఆ జుట్టంతా పండిన గెల రంగులో మెరుస్తోంది.

"పిల్లకి నమిలి పెడతన్నాది సూడు," అంది అత్త గుసగుసగా. ఆవిడ గుసగుసలాడడం నేను విన్నది అదొక్కసారే.

తల్లి ఒకసారి తినడం ఆపి కిందకి చూసింది. మమ్మల్నందరినీ చూసింది. మళ్లీ తినడం మొదలుపెట్టింది.

"సూసినాది. పని మాననేదు," అంది అత్త సంతోషంగా. ఇంకాసేపు చూసి దుర్బిణి తిరిగి ఇచ్చేసింది. "సాలు. దాన్ని తిననిద్దాం. ఎల్దాం."

మిగతావాళ్లు ఇంకా ఫోటోలు తీసుకుంటున్నారు. ఫోటో తియ్యనా అమ్మా అని మా ఆయన అడిగితే వద్దంది. తిరిగి వస్తూ గైడు, "మక్చిక్, రేపటి నుంచి నువ్వు ముందు నడు, నేను వెనక వస్తాను," అన్నాడు. "వస్తాను గాని మా కోడలు కూడా ఉండాల. సూసేది నాను, సెప్పేది అది," అంది అత్త మలయ్‌లోనే.

ఇంటికొచ్చాక ఆ సంగతి ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా ఒరాంగుటాన్ అంతే ఉండేది, నా గొంతు మాత్రం పెరిగేది. మొదట నేను 'అన్నా' అని పిలిచాను. వారం తిరిగేసరికి కేక వేశాను. దీపావళికి చుట్టాలొచ్చినప్పుడైతే నా కేకకి అడవిలో పిట్టలన్నీ లేచిపోయాయి. తలుపు వెనక నుంచి బయటికొచ్చి, "అంత లేదు, అత్త అబద్ధాలు చెబుతోంది," అని అందరి ముందూ అనాల్సి వచ్చింది. ఆవిడకి కావలసింది అదేనని తర్వాత తెలిసింది.

మా వాకిట్లో జంబు చెట్టు ఉంది, అదే గులాబీ జామ. పొద్దున్న ఊడుస్తున్నప్పుడు ఉడుతో పిట్టో కొరికిన పండు కనబడితే నేను, "అత్తా, పైన!" అని కేకేసేదాన్ని. ఇంట్లోంచి, "సీమలు పట్టినాయేటి?" అని అడిగేది. "లేదు," అనేదాన్ని. "అయితే ఉన్నాది, సూడు," అనేది. ఏడాదంతా మా ఇద్దరికీ అదే ఆట.

మొన్న వాకిలి ఊడుస్తుంటే చెట్టు కింద సగం కొరికిన జంబు కనబడింది. ఇంకా తడిగా ఉంది, ఒక్క చీమా లేదు.

"అత్తా, పైన!" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్కింటావిడ తలుపు తీసి చూసింది.

కొమ్మ మీద ఉడుత తినడం ఆపి నా వైపు చూసింది. కాసేపు అలాగే చూసి, మళ్లీ తినడం మొదలుపెట్టింది. చీపురు గోడకి ఆనించి, అది తినడం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.