నా పేరున పాతిన రాయి

ఖమ్మంలో నేనున్న సర్కారు హోమ్‌లో ఆ రోజు ఎండుమిర్చి వేయించారు. వంటగది పక్కనున్న ఆడవాళ్ళమంతా దగ్గాం, కళ్ళు తుడుచుకున్నాం, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. కాసేపటికి అందరి దగ్గూ ఆగింది, నాది ఆగలేదు. కొంగు మీద ఎర్రగా కనిపిస్తే కారం అంటుకుందనుకుని ఉతికేసుకున్నాను. మర్నాడు మిర్చి లేదు, కొంగు మాత్రం మళ్ళీ ఎర్రబడింది.

ఆ హోమ్‌కు ఎలా చేరానో చెప్పాలి. మాది భద్రాచలం అవతల అడవి పల్లె. మిరప కోతల కాలంలో ఒక మేస్త్రమ్మ వచ్చి మా ఊరి ఆడవాళ్ళను ముఠాగా మిరప తోటలకు కూలికి తీసుకెళ్ళేది. ఒక ఏడాది నన్ను మాత్రం తోటకు కాక ముంబైకి చేర్చి అమ్మేసింది. అక్కడి సంగతులు ఇక్కడ రాయను. పోలీసులు విడిపించాక నన్ను హోమ్‌లో ఉంచారు. కేసు చూడటానికి ఒక లాయరమ్మను ఇచ్చారు, తక్షణ సాయం అని కొంత డబ్బు నా పేరున బ్యాంకులో వేశారు. కేసు నిలిస్తే ఇల్లు కూడా ఇస్తామన్నారు. నాకు అమ్మ ఉండగా వేరే ఇల్లెందుకని మనసులో అనుకున్నాను.

దగ్గు తగ్గకపోవడంతో వార్డెన్ మేడమ్ జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఎక్స్‌రే గదిలో ఒకతను తలుపు మూసి రవిక తీయమన్నాడు. అతని పని అతను చేసుకుంటున్నాడు, అంతే. నేను మాత్రం గేటు దాకా పరుగెత్తాను. డాక్టరు కోప్పడలేదు. నర్సును తోడిచ్చి, తొడుక్కోవడానికి గౌను ఇచ్చి మళ్ళీ పంపాడు. కఫం తీసి చేసే స్పుటమ్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. రక్తపరీక్ష కూడా ఒకటి చేశారు, దాని ఫలితం మీకు అక్కర్లేదు.

"టీబీ. ఆరు నెలలు డాట్స్ మందు వాడాలె. మంచిగైందనిపించినా ఆపొద్దు" అన్నాడు డాక్టరు.

మంచిగైందనే అనిపించింది. రెండు నెలలకు ఆకలి పుట్టింది, జ్వరం పోయింది. అమ్మను చూడాలనిపించి హోమ్‌లో అడిగి బస్సెక్కాను. నాలుగు రోజుల్లో వచ్చేస్తాను కదా అని, మాత్రలు దగ్గరుండి మింగించే డాట్స్ సెంటర్‌లో ఎవరికీ చెప్పలేదు.

మా ఊళ్ళో పోయినవాళ్ళ పేరున ఊరి బయట రాళ్ళు పాతుతారు. ఆ వరసలో కొత్త రాయి ఒకటి కనిపించింది. ఎవరు పోయారో పాపం అనుకుంటూ దాటి వెళ్ళాను. ఎదురొచ్చిన ఆవిడ నన్ను చూసి కట్టెలమోపు పడేసి వెనక్కి పరుగెత్తింది.

ఆ రాయి నాదే. తోటలో జ్వరమొచ్చి చచ్చిపోయానని, అక్కడే పూడ్చేశామని మేస్త్రమ్మ ఊళ్ళో చెప్పిందట. వీళ్ళు నమ్మి కర్మకాండ చేసి రాయి పాతారు. రాయి పాతిన మనిషిని మావాళ్ళు పేరు పెట్టి పిలవరు, గడప దాటనివ్వరు. పిలిస్తే ఇంకొకరిని వెంట తీసుకుపోతుందని భయం. అమ్మ వాకిట్లో ఆకు పరిచి అన్నం పెట్టి దూరంగా జరిగింది. ఏడుస్తూనే "తిను. తిని పో" అంది. పేరు పిలవలేదు. ఆ అన్నం తిన్నాను.

హోమ్‌కు తిరిగి వెళ్ళలేదు. భద్రాచలంలో ఒక హోటల్లో గిన్నెలు తోముతూ ఉండిపోయాను. చచ్చినదానికి మాత్రలెందుకు అనిపించేది. గిన్నెల ముందే రక్తం కక్కుకుని పడిపోతే, హోటలాయన భార్య బీబమ్మ నన్ను ఆసుపత్రిలో చేర్చి వార్డెన్ మేడమ్‌కు ఫోన్ చేయించింది. మళ్ళీ ఖమ్మం, మళ్ళీ అదే డాక్టరు.

"నడుమల ఆపినవ్ గద. ఇగ మళ్ళ మొదట్నించి, కేటగిరీ టూ. ఎనిమిది నెలలు, మొదట్ల సూదులు గూడ" అన్నాడు.

వార్డులో ఉండగా లాయరమ్మ వచ్చింది. అసలు అమ్మాయి చచ్చిపోయిందని, ఊరి బయట రాయి కూడా ఉందని, నేనెవరో దొంగమనిషినని మేస్త్రమ్మ తరఫువాళ్ళు వాదిస్తున్నారట. నువ్వు నువ్వేనని మీ అమ్మ చెప్పాలి, లేకపోతే కేసూ పోతుంది, ఇల్లూ పోతుంది అంది. నాకు ఇల్లు సంగతి పట్టలేదు. అమ్మ చెబుతుందా లేదా, అదొక్కటే పట్టుకుంది.

లాయరమ్మ మా ఊరికి వెళ్ళి ఎలాగో అమ్మను వెంటబెట్టుకొచ్చింది. అమ్మ వార్డు గుమ్మం దగ్గరే నిలబడింది. అప్పుడే నర్సు స్ట్రెప్టోమైసిన్ సూది గుచ్చితే నేను అమ్మా అని మూలిగాను. అమ్మ ఆ సూదిని చూసి నర్సును అడిగింది:

"సచ్చినోళ్ళకు సూదులియ్యరు గద సిస్టరమ్మా?"

"ఇయ్యరమ్మా. బతికున్నోళ్ళకు ఇయ్యనీకే మాకు తీరుతలేదు" అంది నర్సు.

అమ్మ వచ్చి మంచం మీద నా కాళ్ళ దగ్గర కూర్చుంది. పాదం పట్టుకుని చూసింది, వెచ్చగా ఉందేమో అని. ఆ రోజు కూడా పేరు పిలవకుండానే వెళ్ళిపోయింది.

కోర్టులో తలుపులు మూసి విచారించారు. ఈమె ఎవరని జడ్జి అమ్మను అడిగాడు. ఊళ్ళో నా తమ్ముడున్నాడు. పేరు పలికితే వాడికేమవుతుందోనని ఆమె భయమని నాకు తెలుసు. అయినా పలికింది. రెండుసార్లు పలికింది. "నా పెద్దబిడ్డ. సచ్చిందని గీ మేస్త్రే మా ఇంటికొచ్చి చెప్పింది" అంది. మేస్త్రమ్మకు శిక్ష పడింది. మా తమ్ముడు బాగానే ఉన్నాడు.

ఇప్పుడు పాల్వంచ పక్కన సర్కారిచ్చిన ఇంట్లో ఉంటున్నాను. షిఫ్టు కార్మికుల క్యాంటీన్‌లో వంట చేస్తాను. స్పుటమ్ నెగెటివ్. గడియ పెట్టుకుని మాత్రం ఇంకా నిద్రపోలేను. అమ్మ వస్తూ ఉంటుంది, నా కంచంలోనే తింటుంది. కానీ ఊళ్ళో ఆ రాయి అలాగే ఉంది, పండగలకు అమ్మ దాని ముందు ఇంకా అన్నం పెడుతోంది. పీకేయించరాదా అని అడిగాను.

"ఉండనీ బిడ్డా. మిర్చికి వోయిన పిల్ల మళ్ళ రాలె గద" అంది.

నాకు కోపం రాలేదు. ఆ పిల్ల కోసం నేనూ ఏడ్చాను.

ఈ జబ్బుతో ఉన్నవాళ్ళకు ఒక్క మాట. ఊరికి వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, కానీ ముందు డాట్స్ సెంటర్‌లో చెప్పి, మీ మందులు ఊరి దగ్గరి సెంటర్‌కు మార్పించుకుని వెళ్ళండి. ఊళ్ళో ఎవరూ పలకరించకపోయినా, అక్కడ మాత్రలిచ్చే మనిషి మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తుంది.