పనిచేసే చోట పెట్టిన బొట్టు

విజయదశమి మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ట్రాంబోన్ చేతిలోకి తీసుకున్నాను. స్లైడు జారకుండా పట్టి ఉంచే గొళ్లెం తిప్పి, దాన్ని ముందుకు తోశాను. కదల్లేదు. గొళ్లెం సరిగ్గా తిరగలేదేమోనని మళ్లీ చూశాను. తిరిగే ఉంది. ఇంకాస్త బలంగా తోశాను. అయినా కదల్లేదు. పొద్దు వాలేసరికి దుర్గమ్మ ఊరేగింపు బయలుదేరుతుంది. అందులో ట్రాంబోన్ వాయించాల్సింది నేను.

ట్రాంబోన్ దగ్గరగా చూడనివాళ్లకు చెప్పాలి. బ్యాండు మేళంలో పొడుగ్గా ముందుకూ వెనక్కూ సాగే ఇత్తడి వాయిద్యం అదే. దానికి మీటలుండవు. ఒక జత గొట్టాల మీద ఇంకో జత తొడిగి ఉంటుంది. పై జతను ముందుకు తోస్తే స్వరం దిగుతుంది, వెనక్కి లాగితే ఎక్కుతుంది. ఆ జారే భాగమే స్లైడు. లోపలి గొట్టానికీ పై గొట్టానికీ మధ్య సందు కాగితమంత కూడా ఉండదు. అక్కడ ఏ కాస్త మురికి చేరినా, కిలుం పట్టినా, స్లైడు మొరాయిస్తుంది. ఇక మా ఇల్లేమో ఫిషింగ్ హార్బర్ వెనక సందులో. మా ఇంట్లో కిటికీ ఊచల దగ్గర్నుంచి దేవుడి దీపాల దాకా ఉప్పుగాలికి కిలుం పట్టని వస్తువు లేదు.

ఆ ట్రాంబోన్ మా నాన్నది. మా పేట బ్యాండులో పెళ్లిళ్లకీ ఊరేగింపులకీ ఆయనే వాయించేవాడు. ఆయన పోయాక అది అటకెక్కింది. మధురవాడలో కంప్యూటరు ముందు ఉద్యోగం చేసుకుంటున్న నేను, ఒక ఆదివారం ఊరికే దాన్ని కిందికి దించి ఊదాను. ఆ తర్వాత వదల్లేకపోయాను. బ్యాండు మాస్టారు నాన్న పక్కన నిలబడి క్లారినెట్ వాయించిన మనిషి. నా వాయింపు చాలా రోజులు విని, తల గోక్కుని, చివరికి నన్ను బ్యాండులోకి తీసుకోవడానికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు.

"దసమి నాడు వాయించమ్మా. జనం మజ్జిలో నిలబడగలిగితే మీ నాన్న సోటు నీదే. నేకపోతే నాను కీబోర్డు ఎట్టేసుకుంతాను. అందరూ అదే ఎడతన్నారు."

అమ్మకు ఇది బొత్తిగా ఇష్టం లేదు. ఆడపిల్ల రోడ్డు మీద ఊదడమేమిటని పేటలో నలుగురూ అన్నారు గానీ, అమ్మ బాధ అది కాదు. పెళ్లిళ్లలో బ్యాండువాళ్లను అందరి భోజనాలూ అయ్యాక, షామియానా వెనక్కి పిలిచి పెట్టేవారు. నాన్న ఆ అన్నం తిననని ఆకలితో ఇంటికి వచ్చేవాడు. అమ్మ ఎంత పొద్దుపోయినా పొయ్యి వెలిగించేది. "మీ నాన్నని ఎనక్కి పిలిసినోళ్లు నిన్ను ముందరికి పిలుత్తారేటి?" అని ఆ మాటే ఏడాదిగా అంటోంది. నేను చెవిన వేసుకోవడం మానేశాను.

స్లైడును వెలుతురులో పెట్టి చూశాను. పై గొట్టం అంచున, లోపలి గొట్టం మొదలయ్యే చోట, సన్నటి పసుపు చార ఉంది. వేలితో తాకితే గట్టిగా, ఎండిపోయి ఉంది. వాసన చూశాను. మంచి గంధం. పక్కనే ఎర్రగా ఒక రేణువు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అప్పుడైతే ఒళ్లంతా మండింది. ముందు రోజు ఆయుధ పూజ. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ అన్నీ ముగించేసింది. మా మామయ్య బోటు సామాన్లు, కత్తిపీట, కుట్టు మిషను, వాటి పక్కన ట్రాంబోన్, అన్నిటికీ పసుపు కుంకాలు. ట్రాంబోన్ వెడల్పాటి మూతి మీద బొట్టు చూసి మనసులో మురిసిపోయాను కూడా. లోపల ఏం చేసిందో అప్పుడు తెలియలేదు.

"అమ్మా, ఇలా రా. దీని లోపల ఏటి సేసినావు?"

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "పూజ సేసినాను."

"లోపలి గొట్టాలకి రాసినావా?"

"ఆఁ. పైది లాగేసి గందం, పసుపు రాసి బొట్లు ఎట్టినాను. మీ నాన్న ఎలగ లాగీవోడో నాకు తెల్దా ఏటి?"

ఇంక నన్ను నేను పట్టుకోలేకపోయాను. "కావాలనే సేసినావు కదా. నాను ఎల్లకుండా ఉండాలని. సెప్పీసి ఆపొచ్చు గదా, ఇలగ నాన్న వస్తువుని పాడు సేసి ఆపుతావా?"

అమ్మ లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో గిన్నె చప్పుడైంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవనీ అనుకున్నాను.

స్లైడు మోకాళ్ల మధ్య ఇరికించి లాగబోయాను. వేళ్లు బిగుసుకునే సరికి నాన్న గొంతు గుర్తొచ్చి ఆగాను. చిన్నప్పుడు దసరా సెలవుల్లో స్లైడు శుభ్రం చేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకునేవాడు. పైన మెరుపు కోసం చింతపండు వాడనిచ్చేవాడు గానీ, లోపలి గొట్టాల దగ్గరికి చింతపండునూ ముగ్గుపిండినీ రానిచ్చేవాడు కాదు. గీత పడితే పోయినట్టే అనేవాడు. బలవంతం చేస్తే గొట్టం వెంట్రుకవాసి వంగినా చాలు, ఇక జన్మలో జారదు. దాన్ని సరిచేసే మనిషి ఈ ఊళ్లో లేడు. ఈ ఒక్క సాయంత్రం పోవడం వేరు, నాన్న ట్రాంబోన్ పోవడం వేరు. ఇప్పుడు తొందరపడితే రెండూ పోతాయి.

ఫోను మోగింది. మాస్టారు. "అందరూ డ్రెస్సులు ఏసేసుకున్నారమ్మా. ఎక్కడున్నావు?"

"వచ్చేత్తన్నాను మాస్టారూ," అన్నాను. ఆయన పెట్టేశాడు.

తల ఎత్తేసరికి అమ్మ ఎదురుగా ఉంది. చేతిలో గోరువెచ్చటి నీళ్ల గిన్నె, అందులో గిన్నెలు తోమే సబ్బు చుక్కలు కలిపి ఉన్నాయి. భుజాన పాత పంచె ముక్క. నాన్నదే. ఇవన్నీ నాన్న అడిగేవాడు, ఆమె అందించేది.

"పట్టుకుంతాను. నువ్వు పొయ్యి," అంది, నా మొహం చూడకుండా.

అమ్మ స్లైడును నిటారుగా పట్టుకుంది. నేను ఊదే రంధ్రంలోంచి నీళ్లు సన్నటి ధారగా పోశాను. లోపలి గొట్టం గుండా దిగిన నీరు కింది మలుపు దగ్గర చేరి, రెండు గొట్టాల సందులోకి పైకి పాకాలి. అక్కడ గట్టిపడిన గంధం నానాలి. అంతకన్నా మార్గం లేదు. పోసి, ఆగి, ఒంపి, మళ్లీ పోశాం. మొదట తెల్లటి నీళ్లే వచ్చాయి. వీధి చివర తాషా డప్పులు మొదలయ్యాయి. కుర్రాళ్లు దుర్గమ్మ మండపం దగ్గర జై కొట్టడానికి గొంతులు సవరించుకుంటున్నారు. నేను గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి, పిండి పై గొట్టానికి చుట్టాను.

చుడుతూనే అడిగాను. "మూతి మీద ఎట్టినావు కదా. మళ్లీ లోపలెందుకమ్మా?"

"బోటుకి పైన రంగు మీద బొట్టు ఎట్టీసి ఊరుకుంతామేటి? ఇంజినుకి ఎడతాం. ఫ్యాను తిరిగే కడ్డీకి ఎడతాం. పన్జేసే సోట ఎట్టకపోతే అది పూజేటి? మీ నాన్న ఉన్నప్పుడు దీనికి నాను పూజ సెయ్యలేదు. ఒక్క ఏడూ సెయ్యలేదు. దాని మీద నాకు అంత కోపం. ఈ ఏడు నువ్వు ఎత్తుకున్నావని సేసినాను."

నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఆయుధ పూజకు అన్నీ వరసగా పెట్టి, ట్రాంబోన్‌ను మాత్రం అమ్మ మంచం కిందికి తోసెయ్యడం నాకు లీలగా గుర్తుంది. నాన్న నవ్వేసి, తనే ఒక పువ్వు పెట్టుకునేవాడు. అటువంటి మనిషి గొళ్లెం తిప్పి, పై గొట్టం లాగి, లోపల ఇంతమేర గంధం పూసిందంటే నా కోసమే. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

ఈసారి ఒంపితే పసుపు నీళ్లు వచ్చాయి. వాటి వెనక ఎర్రగా.

"గట్టిగా పట్టుకో. తిప్పొద్దు. తిన్నగా నీ వేపు లాగు," అన్నాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. రెండు గొట్టాల మీదా బరువు సమంగా పడేలా నేను లోపలి జతను పట్టుకున్నాను, అమ్మ పై జతను పట్టుకుంది. వల లాగే ఇంట్లో పుట్టిన మనిషి, కుదుపు లేకుండా లాగింది. ఏమీ కాలేదు. మళ్లీ లాగాం. లోపల ఎక్కడో కిర్రుమంది. వంగిందా? అమ్మ నా కళ్లలోకి చూసింది. "లాగు," అన్నాను. కొంచెం కొంచెంగా, పసుపు నీళ్లు కారుస్తూ, స్లైడు బయటికొచ్చింది.

నేలమీద పరిచి చూశాను. వంగలేదు. పంచె ముక్కను నాన్న వాడే సన్నటి కడ్డీకి చుట్టి పై గొట్టాల లోపల తుడిచాను. గుడ్డకు పసుపుతో పాటు నల్లటి కిలుం అంటుకుంది. అది అమ్మ పెట్టింది కాదు, అటక మీద గడిచిన రోజులది. లోపలి గొట్టాలు మెత్తటి గుడ్డతో తుడిచి, జారడానికి కాస్త కోల్డ్ క్రీమ్ పలచగా రాసి, నీళ్లు చిలకరించి తొడిగాను. జారింది. కానీ చివరికంటా తోసేసరికి ఒక చోట పట్టేసింది. కుంకం రేణువు ఇంకా ఎక్కడో ఉంది. మళ్లీ తీసి తుడవబోతే ఫోను. "బయలెల్లిపోతన్నామమ్మా." ఇంక టైము లేదు.

యూనిఫారం కోటు వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చాను. అమ్మ గంధం గిన్నెతో అక్కడే నిలబడి ఉంది. ట్రాంబోన్ వైపు చూసింది, చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ ఏం పాడవుతుందోనని భయం.

"ఎట్టమ్మా," అన్నాను.

"ఎక్కడెట్టాల?"

"పన్జేసే సోట."

అమ్మ గంధం తీసి, పేరంటానికి వచ్చిన ముత్తయిదువకు రాసినట్టు, నా గొంతుకు రెండు పక్కలా రాసింది. చల్లగా తగిలింది. "ఊపిరి ఇక్కణ్నుంచే గదా వత్తాది," అంది. కన్నీళ్లొచ్చాయి. మెడ దాకా జారితే గంధం చెరుగుతుందని వెంటనే తుడుచుకున్నాను.

పరుగెత్తుకుంటూ వెళ్లి వరసలో నాన్న నిలబడే చోట నిలబడ్డాను. మాస్టారు నా మెడ కేసి చూశాడు.

"ఏటమ్మా అది?"

"మా అమ్మ రాసింది."

ఆయన మొహం అటు తిప్పుకుని క్లారినెట్ ఎత్తాడు. మొదటి పాటే నాన్న వాయించే పాట. మొదలవుతూనే ట్రాంబోన్ కిందికి, స్లైడు చివరికంటా దిగాలి. సరిగ్గా పట్టేసిన చోటికి. జనం మా చుట్టూ మూగారు. అమ్మ చెప్పులు కూడా లేకుండా నా వెనకే వచ్చి, అందరికన్నా ముందు వరసలో నిలబడింది.

ఊపిరి పీల్చి, స్లైడు ముందుకు తోశాను. ఆ చోట ఒక్కసారి అడ్డుపడింది, నా చేతికి తెలిసింది. ఆపకుండా తోశాను. వెళ్లింది.