క్యాలెండరు మీద సంతకాలు

సింగపూరులో, టోవా పాయో పేటలోని ఆ పాత ఫ్లాట్ల బ్లాకులో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగేది కాదు. కుమారమ్మ ఉండేది ఆరో అంతస్తులో, లిఫ్టు ఆగేది ఐదులో. అందుకని పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయిన అత్తగారు అంకమ్మ కింది గాలి పీల్చాలంటే ఆదివారం దాకా ఆగాల్సిందే. ఆదివారం చర్చిలో ప్రార్థన ముగించుకుని, ఆంధ్రలో ఊరొదిలి ఇక్కడి షిప్‌యార్డులో వెల్డింగు చేసే ఏసుబాబు వచ్చేవాడు. ముసలామెను రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగి, లిఫ్టు దగ్గర చక్రాల కుర్చీలో కూర్చోబెట్టేవాడు.

"మెల్లగా నాయనా, నేనేమీ ఇనప రేకును కాదు," అనేది అంకమ్మ.

"ఇనుమైతే క్రేను ఎత్తుద్ది మామ్మా. నిన్నెత్తాలంటే నేను రావాల," అనేవాడు.

కుమారమ్మ తాత తెల్లవాళ్ళ కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. భర్త పోయాడు, పిల్లలు లేరు. బడి క్యాంటీన్‌లో వంట పని చేస్తుండగా అత్తగారు మంచాన పడితే, ఆ పని మానేసింది. మంచం పట్టినవాళ్ళను ఇంట్లోనే చూసుకునేవారికి పేటలోని ఒక సంక్షేమ సంఘం నెలనెలా కొంత ఇచ్చేది. ఇల్లు దాంతోనే గడిచేది. సంఘం షరతు ఒక్కటే: బ్యాంకులో దాచుకున్నది మూడు వేల డాలర్లు దాటకూడదు. ఆ షరతుతో తనకేం పని అనుకుంది కుమారమ్మ. తన సొంతానికి ఆరు వందలు కూడా లేవాయె.

కానీ ఆమె పాస్‌బుక్కులో ఆమె సొమ్ము ఒక్కటే లేదు. ఏసుబాబూ, అతని గదిలోని మరో ముగ్గురూ ఇంటికి పంపగా మిగిలింది ఆమె చేతికే ఇచ్చేవారు. పదిమంది పడుకునే గదిలో పెట్టెలకు భద్రత లేదు. బ్యాంకులోకి పోదామంటే ఇంగ్లీషు రాదని బెరుకు. కుమారమ్మ గోడ మీది వెంకటేశ్వరస్వామి క్యాలెండరులో ఆదివారం గడిలో అంకె వేసి, ఇచ్చినవాడి చేత సంతకం పెట్టించి, సోమవారం పొద్దున్నే బ్యాంకులో వేసేది. వెనక్కి తీసుకున్నా అంతే. పాల లెక్కలు అలా రాసుకోవడం వాళ్ళమ్మ నేర్పిన అలవాటు. ఏడుకొండలవాడి పాదాల కింద ఏసుబాబు సంతకం చూసి ఆమె ఎన్నోసార్లు నవ్వుకునేది.

ఆ ఏడు ఎక్కడ విన్నా కంప్యూటర్ల మాటే. ఆంధ్ర నుంచి సాఫ్ట్‌వేరు పిల్లలు విమానాల నిండా దిగుతున్నారు. సంఘం ఆఫీసులోకీ కంప్యూటర్లు వచ్చాయి. అందరి పాస్‌బుక్కులూ తెప్పించి మళ్ళీ చూశారు. పది రోజులకు ఉత్తరం వచ్చింది. పక్క ఫ్లాటులో గది అద్దెకు తీసుకున్న సాఫ్ట్‌వేరు పిల్ల సుచిత్ర దాన్ని చదివిపెట్టింది.

"ఆంటీ, మీ అకౌంట్‌లో పదకొండు వేలు ఉందట. వచ్చే నెల నుంచి సంఘం సొమ్ము ఆపేస్తారట. ఏమైనా చెప్పుకోవాలంటే శుక్రవారం రమ్మన్నారు."

కుమారమ్మ మంచం వైపు చూసింది. ఆ సొమ్ము ఆగితే తను మళ్ళీ క్యాంటీనుకు పోవాలి. అత్తగారు ముసలివాళ్ళ హోముకు పోవాలి. ఆమె పరాయి చేతి ముద్ద మింగదు.

"రేపే మొత్తం తీసేసి పప్పు డబ్బాలో పెట్టెయ్యండి ఆంటీ. ఖర్చయిపోయిందని చెప్పండి," అంది సుచిత్ర మెల్లగా.

"తప్పమ్మా. అన్నం పెట్టినవాళ్ళకు అబద్ధం చెప్పి, వచ్చి స్వామి ముందు దీపం ఎలా పెట్టను?"

మంచం మీంచి అంకమ్మ అందుకుంది: "దాని వల్ల కాదులే పిల్లా. పులుసులో ఉప్పెక్కువైతే, మనం నోట్లో పెట్టుకోకముందే చెప్పేస్తుంది."

శుక్రవారం సుచిత్ర ఆఫీసుకు సెలవు పెట్టి ముసలామె దగ్గర కూర్చుంది. కుమారమ్మ ఆ ఏటి క్యాలెండరూ, నిరుటి క్యాలెండరూ కళ్ళకద్దుకుని, చుట్టగా చుట్టి, చంకలో పెట్టుకుని బస్సెక్కింది.

ఆఫీసరు నడివయసు చైనా ఆవిడ. "ఆంటీ, ఇంత డబ్బు ఎలా లా?" అనడిగింది, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో.

కుమారమ్మ వచ్చిన నాలుగు ముక్కల్లోనే జవాబు చెప్పి, బల్ల మీద క్యాలెండర్లు పరిచింది. ఆవిడకు తెలుగు రాదు, కానీ అంకెలు అందరివీ ఒకటే. ఆదివారం గడిలో మూడు వందలు, పక్కన సంతకం. పాస్‌బుక్కులో సోమవారం మూడు వందలు. నాలుగు నెలలు వేలు పెట్టి చూసింది. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని రెండేళ్ళూ చూసింది. ఎక్కడా తేడా లేదు.

"వాళ్ళవి తీసేస్తే మిగిలింది ఐదు వందల నలభై. ఇది మీదేనా?"

"నాదే మేడం. ఇంకొకటుంది. ఖాళీ మైలో పొడి డబ్బాలో మా అత్త తన చావు ఖర్చుకని దాచుకున్నవి రెండు వందల ఎనభై. అదీ రాసుకోండి."

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి నవ్వింది. "అది ఫర్వాలేదు లా, ఆంటీ." నెలసొమ్ము ఆగదని చెప్పింది. కాకపోతే నెలలోపల ఎవరి డబ్బు వాళ్ళ పేరు మీదికి మారాలి, ఆ రుజువు తెచ్చి చూపాలి.

"నన్ను బ్యాంకులోకి రానిస్తారా ఆంటీ?" అన్నాడు ఏసుబాబు సంగతి విని.

"నేను పక్కనుంటాగా, పద."

నాలుగు శనివారాలు నలుగురినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. కౌంటరులోని మలాయ్ పిల్ల ఓపికగా ఫారాలన్నీ తనే నింపింది. చివరివాడి పాస్‌బుక్కు చేతికొచ్చిన రోజు, ఇంటికొస్తే అంకమ్మ అంది: "ఇంక వాడెందుకొస్తాడే? వాడి సొమ్ము వాడి దగ్గరే ఉందిగా."

మూడు వారాలుగా కుమారమ్మ మనసులో మెదులుతున్నదీ అదే.

మర్నాడు ఆదివారం. అంకమ్మ పొద్దుటే తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టించుకుని, తలుపు వైపు చూడనట్టు చూస్తూ పడుకుంది. ఎప్పుడూ వచ్చే వేళ దాటి పావుగంటయింది. అప్పుడు చెప్పుల చప్పుడు.

"క్యాలెండరేది ఆంటీ?" ఏసుబాబు చేతిలో కొత్త పాస్‌బుక్కు ఉంది. "నిన్న నేనే పోయి వందేశా. రాయండి, సంతకం పెడతా."

"బ్యాంకువాళ్ళు రాశారు కదయ్యా."

"వాళ్ళది వాళ్ళకి. ఇక్కడ పడితేగాని నాకు నిద్దర పట్టదు."

కుమారమ్మ పెన్సిలు వెతుకుతోంది. మంచం మీంచి అంకమ్మ కుడిచెయ్యి చాచింది.

"ముందు నన్ను దించరా. సంతకాలు తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు."