పద్దెనిమిది పేర్లు

తెల్లవారగానే ఫలేసి చేసే మొదటి పని బోరింగు దగ్గరికి వెళ్లడం. నడుముకు చుట్టిన గుడ్డలోంచి పానా తీసి పిడి మరలు బిగిస్తుంది. నాలుగుసార్లు కొట్టి, నీళ్లు వచ్చాకే మిగతా ఆడవాళ్లను బకెట్లు పెట్టనిస్తుంది. పేదలకు సాయం చేసే సంస్థవాళ్లు చిలింబా ఊళ్లో ఆ బోరింగు వేసి పద్నాలుగేళ్లయింది. ఆ తర్వాత విత్తనాల సంఘం, మేకల సంఘం వచ్చాయి. ప్రతి సమావేశంలోనూ ఊరంతా ఒక్కటిగా ఉంటేనే బాగుపడతారని చెప్పేవారు. చేతిరాత బాగుంటుందని అన్ని సంఘాల్లోనూ రాతపని ఫలేసికే అప్పగించారు.

మూడేళ్ల కిందట ఊరి పక్కనున్న షిరే నది పొంగి మొక్కజొన్న చేలు మునిగాయి. మళ్లీ వేసిన పైరు ఎండకు మాడింది. డిసెంబరు నాటికి యాభై రెండు గడపల్లో ఎక్కడా రోకటి చప్పుడు లేదు. కోతలదాకా నెలనెలా మొక్కజొన్న ఇస్తామని సంస్థవాళ్లు చెప్పారు, కానీ పద్దెనిమిది ఇళ్లకే. మరీ లేనివాళ్ల పేర్లు రాసిమ్మన్నారు.

చర్చి అరుగు మీద ఫలేసి కాగితం పట్టుకుని కూర్చుంది.

"నా పేరు రాయకు వదినా, నన్ను చూసి లావుగా ఉన్నానంటారు," అంది తమ్ముడి భార్య ఎలిఫా.

"నీలో లావున్నది నోరొక్కటే," అంది ఫలేసి. అందరూ నవ్వారు. పేర్లు మాత్రం సాయంత్రానిక్కూడా తేలలేదు.

"ఎవరివో పద్దెనిమిది రాసెయ్యమ్మా. బస్తాలు రానీ, చూద్దాం," అన్నాడు ఊరిపెద్ద.

మొదటి పేరు ముసలి మన్యేటాది. ఆమెకు ఎవరూ లేరు.

జనవరిలో బస్తాలు దిగాయి. పక్కింట్లో రోకలి ఆడుతుంటే పిల్లల్ని ఏమని ఊరుకోబెడతారు? చిలింబాలో ఒంటరిగా తిన్న ఇంటిని చేతబడి ఇల్లంటారు. సాయంత్రానికల్లా పద్దెనిమిది బస్తాలూ చాపల మీదికి వచ్చాయి. మన్యేటా బస్తా ఫలేసే మోసుకొచ్చింది. "పోసెయ్యవే. ఈ పళ్లతో నేనెంత తింటాను?" అంది ముసలమ్మ. పళ్లెంతో కొలిచి యాభై రెండు వాటాలు వేశారు. నెల రావలసిన గింజలు పది రోజులు వచ్చాయి. ఆ పది రోజులూ ఊరంతా సంకటి తిన్నది.

ఫిబ్రవరిలో సంస్థ నుంచి కలింబుక అనే కుర్రాడు మోటారుసైకిలు మీద వచ్చాడు. వెనక ఒక ఆఫీసరమ్మ.

"ఒక్కో బస్తా ఎన్ని రోజులు వచ్చిందమ్మా?" అని ఫలేసిని అడిగాడు కలింబుక.

"ఊరంతా పంచుకున్నాం బాబూ. ఒక్క గడప వదల్లేదు. మీరు నేర్పినట్టే," అంది ఫలేసి సంతోషంగా.

కలింబుక కలం ఆగింది. "ఈ మాట ఇంకెవరికీ చెప్పకండి."

అప్పటికే పక్క వాకిట్లో ఎలిఫా, పళ్లెంతో ఎలా కొలిచారో ఆఫీసరమ్మకు చేతులు తిప్పి చూపిస్తోంది. ఆఫీసరమ్మ రాసుకుంటోంది.

"పంచుకుంటే తప్పా?" అంది ఫలేసి.

"నన్నడిగితే కాదమ్మా. పైవాళ్లు మాత్రం అవసరం లేనివాళ్లకు పోయిందనే అంటారు."

"అవసరం లేనివాళ్లెవరో ఒక్కరిని చూపించు నాయనా."

అతను చుట్టూ చూశాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మార్చిలో ఉత్తరం వచ్చింది. చిలింబాను పథకంలోంచి తీసేశారు. ఆ ఉత్తరం ఊరికి చదివి వినిపించవలసిందీ ఫలేసే.

"అబద్ధమాడ్డం ఒక్కటే నేర్పలేదు వదినా, ఈ సంస్థవాళ్లు," అంది ఎలిఫా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ నెలాఖరుకు మన్యేటా పోయింది. జ్వరమన్నారు. బస్తా ఆమె ఇంట్లోనే ఉంచి ఉంటే బతికేదా అని ఫలేసి ఒకసారి ఊరిపెద్దను అడిగింది. ఎవరి బస్తా వాళ్లే ఉంచుకుని ఉంటే, బస్తా రాని ఎలిఫా పిల్లలు ఏమయ్యేవారో కూడా ఆమెకు తెలుసు. ఎటు నుంచి ఆలోచించినా ఒక ఇల్లు తక్కువవుతుంది.

ఈ ఏడాది కూడా వాన సరిగా పడలేదు. పథకం కొత్త జాబితాలో చిలింబా లేదు. ఫలేసికి ఇప్పుడు యాభై నాలుగేళ్లు. వారానికి మూడు రోజులు మడుగులో మొలలోతు నీళ్లలోకి దిగి, తిండికోసం చేదు కలువ దుంపలు తవ్వుతుంది.